రత్నాంబ చచ్చిపోతే సరిపోయేది

దానమ్మకు మనసులో చదవడం రాదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

నలభై రెండో ఏట, భర్త పోయిన రెండేళ్లకు, ఆమె అక్షరాలు నేర్చుకుంది. మిషను వాళ్లు పంపిన పంతులమ్మ షామీర్‌పేట చర్చి వరండాలో మధ్యాహ్నం పూట ఆడవాళ్లను చాప మీద కూర్చోబెట్టి, వాక్యపు పుస్తకం తెరిచి, అక్షరం కింద వేలు పెట్టించి, గొంతెత్తి అందరిచేతా ఒక్కసారే పలికించేది. అలా పలికి నేర్చుకున్న చదువు కాబట్టి దానమ్మ పెదవులు మూసుకుంటే అక్షరాలు మళ్లీ చీమల బారుగా మారిపోయేవి. వేలు కదలాలి, నోరు కదలాలి, చెవిన పడాలి. అప్పుడుగానీ తాను చదివిందేమిటో ఆమెకే తెలిసేది కాదు.

ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఊళ్లో ఒక్కరు నమ్మితే ఒట్టు.

మాఘం దాటగానే గౌరయ్య అరుగు మీద చింతపండు పని మొదలవుతుంది. తుర్కపల్లి తోపుల నుంచి బండ్ల మీద వచ్చిన కాయను పెంకు తీసి, రాతి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి, గింజ రాల్చి, ఈనెలు లాగి, పండును గంపలో వేయాలి. ఏడెనిమిది మంది ఆడవాళ్లు పొద్దస్తమానం కూర్చునే పని. చర్చి వాడ వాళ్లు సగం, తక్కిన వాళ్లు సగం. దానమ్మకు చదువు వచ్చాక అక్కడొక ఏర్పాటు జరిగింది. ఆమె సుత్తి పట్టదు, పుస్తకం పడుతుంది. తక్కిన వాళ్లు కొట్టిన పండులోంచి తలా ఒక గుప్పెడు ఆమె గంపలో వేస్తారు. సాయంత్రానికి ఆమె గంప కూడా అందరి గంపల్లాగే నిండుతుంది.

మొదటి ఏడాది వాక్యమే చదివింది. కీర్తనలు అయ్యాయి, రాజుల కథలు అయ్యాయి, రెండోసారి కూడా అయ్యాయి. అప్పుడు గొల్ల సత్తమ్మ సుత్తి కింద పెట్టి, "వదినె, గా రాజులందరు సచ్చిపోయిండ్రు. మన అసుంటి ఆడోళ్ల కత లేదా ఏందే?" అని అడిగింది.

అందుకని దానమ్మ మేడ్చల్ సంతకు వెళ్లినప్పుడు స్టేషను దగ్గరున్న పుస్తకాల గదిలోకి తొంగి చూసింది. దాన్ని చూసుకునే గాలయ్య ఆడమనిషి గడప తొక్కేసరికి కంగారుపడి, చేతికందిన పుస్తకం ఇచ్చి పంపేశాడు. దానికి అట్ట లేదు. ముందు పుటలు కూడా లేవు. తొమ్మిదో పుట నుంచి ఉంది. "మంచిదే, ఆడోళ్ల గురించే" అన్నాడు. అతను దాన్ని చదివి ఉంటే కదా!

మూడు రోజులు బాగానే గడిచింది. అందులో రత్నాంబ అని ఒక పిల్ల. పెళ్లవుతుంది, కాపురానికి వెళుతుంది, జ్వరంతో మొగుడు పోతాడు. ఆడవాళ్లు కొంగులతో ముక్కులు తుడుచుకుంటూ పండు కొట్టారు. నాలుగో రోజు, ఇంటిల్లిపాదీ తిరునాళ్లకు వెళ్లిన వేళ, రత్నాంబ భర్తకు అన్నగారు, ఆ ఇంటి పెద్ద, రోజూ రెండు గంటలు పూజ చేసే మనిషి, ఆమె ఉన్న గదిలోకి వచ్చాడు. దానమ్మ వేలు ఒక్కొక్క మాటా దాటుతూ పోయింది. నోరు వేలి వెంటే పోయింది. వాక్యం పూర్తయ్యేదాకా తానేం పలికిందో ఆమెకు తెలియలేదు. తెలిశాక వేలు అక్కడే బిగుసుకుపోయింది.

అరుగు మీద సుత్తి చప్పుడు ఆగిపోయింది. మూలన కూర్చున్న ముసలి ఐలమ్మ మటుకు, చదవడం ఆగితే ఏమనాలో ఆమెకు అలవాటే గనుక, "ఆమేన్" అంది.

సత్తమ్మ నవ్వు ఆపుకోలేక చింతపండు మీద పడింది. దానమ్మ పుస్తకం మూసేసింది.

"ఎందుకు మూసినవే?" అంది ఎలీషమ్మ. ఆమె సంఘపెద్ద యోహాను భార్య, దానమ్మకు వరసకు వదిన.

"ఇది సదివేది గాదు వదినె."

"సదివితివి గదా!"

"నాకెట్ల ఎర్క లోపల గిట్లున్నదని?"

"ముందుగాల సూసుకోవద్దా?"

"సూసుకుంటే తెల్వదు. సదివితేనే తెలుస్తది. సదివితే మీరింటరు!"

"ఆఁ, మస్తు జెప్పినవ్," అంది ఎలీషమ్మ.

మర్నాడు దానమ్మ కీర్తనలు తెచ్చింది. అందరూ తలొంచుకుని పండు కొట్టారు. ఆమె గంపలో మాత్రం మధ్యాహ్నం దాకా ఒక్క గుప్పెడు కూడా పడలేదు. నిండిన గంపల మధ్య తన ఖాళీ గంపను చూసి, "మీ నోళ్లల్ల మన్నువడ! రేపు తెస్త తీయుండ్రి" అంది. తెచ్చింది. చదివింది. రత్నాంబకు నెల తప్పింది. అత్త కనిపెట్టింది. ఇంటి ఆడవాళ్లు ఆమె అన్నం కంచం వేరు పెట్టారు. బావగారు పూజ మానలేదు.

వారం తిరక్కుండా ఈ సంగతి వాడంతా పాకింది. ఈస్టరు దగ్గర పడుతోంది. పాదిరి అయ్యగారు మేడ్చల్ నుంచి మూడు నెలలకోసారి వస్తాడు. ఆ రోజే ప్రభు బల్ల, ముందు మోకరించిన వాళ్లకు ఆయన చేతి రొట్టె, గిన్నెలో ద్రాక్షరసం. బల్లకు ఎవరు తగరో ముందే చెప్పాల్సిన బాధ్యత సంఘపెద్దలది. భర్త పోయిన ఏడాది కూడా, ఒంటి మీద జ్వరంతో, దానమ్మ బల్ల తప్పలేదు. మొగుడు పోయి తలకు నూనె లేని ఆడదాన్ని పక్కన కూర్చోబెట్టుకోవడానికి వెనకాడే ఊళ్లో, అందరితో భుజం భుజం తగిలేలా మోకరించే చోటు అదొక్కటే. ఆ చోటుకే ఇప్పుడు ముప్పు వచ్చింది.

యోహాను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మేడ్చల్ రైలు పట్టాల మీద గ్యాంగు మేస్త్రీ. మంచివాడే గానీ మీసం తిప్పితే తప్ప మాట బయటికి రాదు.

"చెల్లె, గా పుస్తకం పాడు పుస్తకమంట గదా."

"నేనేమెరుగుదు అన్నా. అయిపోలే ఇంక."

"సంఘం విచారణ జెయ్యాలె. పుస్తకం ఇయ్యి."

ఇచ్చింది. యోహాను దాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, తలకిందులుగా ఒకసారి చూసి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. ఆయన సర్కారు బడిలో నాలుగు జమాతులు చదివాడు. చదివిందంతా ఉర్దూ. సంఘం పుస్తకం కూడా ఉర్దూలోనే రాస్తాడు. రెండో పెద్ద అబ్రహాం తహసీలు కచేరీలో చప్రాసీ. ఆయనదీ ఉర్దూ చదువే. మూడో పెద్ద ముసలి ఏలియాకు ఏ చదువూ లేదు, చెవులు కూడా అంతంతమాత్రం. వాక్యమంతా వాళ్లకు నోటికి వచ్చు, విని నేర్చుకున్నారు. తెలుగు అచ్చు చదివే చదువు ఆ వాడలో ఆడవాళ్లదే. అందులోనూ కూడబలుక్కోకుండా చదవగలిగేది దానమ్మ ఒక్కతే.

"ఇగ నువ్వే సదివి ఇనిపించాలె," అన్నాడు యోహాను, మీసం తిప్పుతూ.

"నేనా? మీ ముంగట? గవన్ని?"

"మరి ఇనకుండ తీర్పెట్ల జెప్తం?"

దానమ్మ తల పట్టుకుంది. చదివినందుకు తప్పట. ఆ తప్పెంతో తేలడానికి మళ్లీ చదవాలట. అదీ ముగ్గురు మగవాళ్ల ముందు.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం వెళ్లిన మర్నాటి నుంచి, పనులు ముగించుకుని పొద్దు గూకక ముందే, పెద్దలు చర్చిలో బెంచీ మీద కూర్చునేవారు. దానమ్మ కింద చాప మీద, కొంగు నుదుటి దాకా లాక్కుని, వేలు కదుపుతూ చదివేది. మెల్లగా చదివి బతికిపోదామనుకుంది. ఏలియా సాగనివ్వలేదు.

"గట్టిగ సదువు బిడ్డా, ఇనస్తలేదు!"

"ఆయన తలుపు గడియ బిగించెను," అని చదివింది.

"ఏం బిగించిండు?"

"గడియ, మామా!"

"ఎందుకు?"

"అన్నా, నువ్వే జెప్పు ఆయనకు ఎందుకో," అంది దానమ్మ యోహానుతో. యోహాను గోడ వైపు చూశాడు. దానమ్మ గడియ మాట ఇంకోసారి అరిచి చదివింది. బయట మేకలు తోలుకుపోతున్న వాళ్లు ఆగి విన్నారు.

ఆ పూట అంతటితో ఆపమంటారనుకుంది. "ఛీ, ఛీ!" అన్నాడు అబ్రహాం. "గిసుంటివి అచ్చేస్తరా?" అన్నాడు యోహాను. కాసేపు ముగ్గురూ నేల చూపులు చూశారు. ఆ తర్వాత అబ్రహాం గొంతు సవరించుకుని, "మరి తర్వాతేమైంది?" అన్నాడు.

"పాడు పుస్తకమని తేలింది గదా తమ్మీ."

"ఎంత పాడుదో తేలాలె గదక్కా."

అలా నాలుగు సాయంత్రాలు గడిచాయి. రెండో రోజు ఏలియా ముందే వచ్చి బెంచీ తుడిచి కూర్చున్నాడు. మూడో రోజు అబ్రహాం కచేరీ నుంచి జల్దీ వచ్చేశాడు. నాలుగో రోజు, రత్నాంబను మారుమూల ఊరికి పంపి కడుపు దించేయాలని అత్తా బావా కూడబలుక్కున్న చోట, యోహాను బెంచీ మీద పిడికిలితో గుద్ది, "వీనవ్వ!" అన్నాడు. చర్చిలో ఉన్నానని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. ఈ మాత్రం దానికి పగలు గౌరయ్య అరుగు మీద చదివిన తాను పాపిష్ఠిదీ, సాయంత్రం విన్న వీళ్లు విచారణకర్తలూ ఎలా అయ్యారో దానమ్మకు ఎంతకూ అంతుపట్టలేదు.

మంచి శుక్రవారం ఆరాధన అయ్యాక పెద్దలు కూడి ఒక మాటకు వచ్చారు. మాట తెచ్చినవాడు అబ్రహాం.

"అక్కా, మస్తు ఆలోచన జేసినం. కడకు గామె సచ్చిపోతదనుకో, అప్పుడది బుద్ధి జెప్పే పుస్తకమైతది. తప్పు జేసింది, సచ్చింది, ఇన్నోళ్లకు బయమొస్తది. నీ మీద మాట రాదు, అయ్యగారికి జెప్పేది గూడ ఏముండదు. సావకుంటె మాత్రం అది పాపాన్ని మెచ్చుకునే పుస్తకం. నువ్వు బల్లకు రావద్దు."

"తప్పు ఆమె జేసిందా?" అంది దానమ్మ.

"మరి?"

"గా బావ సంగతేంది? ఆయన సావొద్దా?"

"ఆయన్ను దేవుడు సూసుకుంటడు," అన్నాడు అబ్రహాం.

"రత్నాంబను సూసుకోడా మరి? ఆమెను మీరే సూసుకోవాల్నా?"

"చెల్లె," అన్నాడు యోహాను, "మాటకు మాట ఎందుకు? రేపటితోని అయిపోతది. కడదాకా సదువు, ఇంటం."

శనివారం పొద్దున దానమ్మ పెరట్లో మేకల ముందు కూర్చుని మిగిలిన ఇరవై పుటలూ గొంతెత్తి చదువుకుంది. రత్నాంబ ఏమవుతుందో అందరికన్నా ముందు తానే తెలుసుకోవాలనిపించింది. చదివి పుస్తకం మూసేసరికి దడి అవతల ఎలీషమ్మ నిలబడి ఉంది. అంతా వినేసింది.

"బతికిందా?" అంది నోరు తెరుచుకుని.

"బతికింది."

"బాయి కాడిదాకా పోయి గూడ?"

"పోయింది. మర్లొచ్చింది."

ఎలీషమ్మ దడి తోసుకుని లోపలికి వచ్చి, దానమ్మ పక్కన కూలబడి, గొంతు తగ్గించింది. "అట్లయితే సంపెయ్."

"ఏంది?"

"నోటితోని సంపెయ్యవే. బాయిల దూకి సచ్చిందని సదువు. వాళ్లకేమొచ్చు? ముగ్గురికి తెలుగు కాగితం చీమల బారు లెక్క. నిన్న మా ఆయన బువ్వ తినుకుంట ఏమన్నడెర్కనా? 'గా పిల్ల సచ్చిపోతే మంచిగుండు, చెల్లెను బల్ల కాడ ఆపనీకి నాకు మనసొప్పుత లేదు' అన్నడు. ఆయనకు గూడ గదే కావాలె. ఒక్క మాట. బాయిల పడ్డదను, పుస్తకం మూసెయ్, రేపు తెల్లచీర కట్టుకొని రా."

"లేనిది ఎట్ల సదువుతనే?"

"కతనే గదనే! రత్నాంబ నీ బిడ్డనా, నా బిడ్డనా? కాగితంల మనిషి సస్తే పీనుగ ఎవరు మోస్తరు?"

ఎలీషమ్మ లేచి వెళుతూ, "పట్టుపట్టకు. పరేషాన్ చేయకు మమ్ములను" అని హెచ్చరించి వెళ్లింది.

దానమ్మ పుట్టిల్లు బౌరంపేట. ఆమెకు పన్నెండేళ్లప్పుడు పక్కింట్లో శివమ్మ అని ఉండేది. మొగుడు పోయిన పిల్ల, ఇరవై నిండలేదు. ఒకరోజు పొద్దున బావిలో తేలింది. కాలు జారిందన్నారు. ఆ బావి గోడ దానమ్మ రొమ్ముల దాకా వచ్చేది. "గంత ఎత్తు గోడకు కాలెట్ల జారిందవ్వా?" అని తల్లిని అడిగితే చెంప పగిలింది. ఊరంతా కాలు జారిందనే అంది, ముప్పై ఏళ్లు అదే అంది. అనీ అనీ అదే నిజమైపోయింది. దానమ్మ కూడా అంది, తన పెళ్లప్పుడు ఎవరో అడిగితే.

ఆ మాట గుర్తొచ్చి ఆమెకు వాళ్ల మీదా తన మీదా కూడా కోపం వచ్చింది. రొట్టె, గిన్నె గుర్తొచ్చి ఏడుపు వచ్చింది. రెండిటి మధ్య మేకకు ఆకు వేయడం మరిచిపోతే అది పుస్తకం అంచు కొరికింది. "నీకు గూడ గిదే దొరికిందా!" అని దాన్నొకటి చరిచింది.

సాయంత్రం పెద్దలు బెంచీ మీద సర్దుకున్నారు. చర్చి మెట్ల మీద చింతపండు ఆడవాళ్లంతా చేరారు గానీ, యోహాను వాళ్లను దూరంగా చెట్టు కిందికి పంపి తలుపు వేయించాడు. దానమ్మ చాప మీద కూర్చుని వేలు పెట్టింది. చివరి పుటల దాకా వచ్చింది.

"రత్నాంబ తెల్లవారుజామున ఇల్లు వెడలి నూతి యొద్దకు పోయెను."

"నుయ్యి అంటే?" అన్నాడు ఏలియా.

"బాయి, మామా!"

"ఆఁ, బాయి కాడికి వచ్చింది," అన్నాడు అబ్రహాం. బెంచీ మీద ముందుకు జరిగాడు. యోహాను గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. ముగ్గురి ముఖాల్లోనూ, ఒక పని మంచిగా ముగియబోతున్నప్పటి నెమ్మది కనిపించింది. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. తనను బల్ల దగ్గర చూడాలనే ఉంది వాళ్లకు. అందుకోసం ఒక పిల్ల బావిలో పడాలి, అంతే.

"గట్టుపై చేయి వేసి వంగి చూచెను," అని చదివి దానమ్మ ఆగింది.

ఇక్కడే. ఇక్కడ ఒక్క మాట. 'దూకెను' అంటే చాలు. ఆ పైన ఏముందో ఈ ముగ్గురిలో ఎవరికీ ఈ జన్మలో తెలియదు. రేపు తెల్లచీర, చల్లని గిన్నె అంచు పెదవికి.

వేలు ఆ మాట కింద లేదు. వేలి కింద వేరే మాట ఉంది.

"సదువు చెల్లె," అన్నాడు యోహాను మెత్తగా. దాదాపు బతిమాలినట్టే ఉంది.

"కడుపులోని బిడ్డ కదలెను," అని చదివింది దానమ్మ. "రత్నాంబ గట్టుపై నుండి చేయి తీసివేసెను. వెనుకకు చూడక, స్టేషను దారి పట్టెను."

ఆమె ఆగకుండా చదివింది. రైలెక్కింది. పరాయి ఊళ్లో దిగింది. దవాఖానాలో కన్నది. ఎవరింట్లోనో వంటకు కుదిరింది. బిడ్డను భుజాన వేసుకుని పనికి బయలుదేరింది. అంతటితో అచ్చు అయిపోయింది.

"సావలే?" అన్నాడు అబ్రహాం.

"లేదు."

"కింద కాగితంల జూడు."

"కింద కాగితం లేదు తమ్మీ. అయిపోయింది."

"బాయి కాడ ఏమన్న మర్చిపోయినవేమో. గక్కడ మళ్ల సదువు," అన్నాడు యోహాను. ఆయన మీసం తిప్పడం లేదు. ఆమె కళ్లలోకి చూస్తున్నాడు. ఆ చూపులో ఉన్న మాట ఆమెకు అర్థమైంది. పొద్దున ఎలీషమ్మ దడి దాటి వచ్చింది ఎవరు పంపితేనో కూడా అప్పుడే అర్థమైంది.

"ఎన్నిసార్లు సదివినా బతికే ఉంటదన్నా," అంది దానమ్మ. "అట్లనే రాసిండ్రు. నేనేం జేత్తు?"

ఏలియా పక్కకు వంగి, "ఏమైంది? సచ్చిందా?" అని అడిగాడు.

"బతికింది మామా!" అని అరిచింది దానమ్మ. ఆ గోడలు అదిరిపోయేంత గట్టిగా అరిచింది.

యోహాను సంఘం పుస్తకం తీసి, కుడి నుంచి ఎడమకు ఒక వరుస రాశాడు. ఆమె అటే చూసింది. తన గురించి రాసింది తాను చదవలేని రాతలో ఉంది.

"తొమ్మిది నెలలు," అన్నాడు తల ఎత్తకుండా. "క్రిస్మసుకు రావొచ్చు."

దానమ్మ లేచి, చాప చుట్టి గోడకు ఆనించి, పుస్తకం చంకలో పెట్టుకుని తలుపు తీసింది. చెట్టు కింద ఆడవాళ్లంతా ఒక్కసారి లేచి మెట్ల మీదికి వచ్చారు.

"సంపినవా?" అంది ఎలీషమ్మ ముందుకొచ్చి.

"లేదు."

ఎలీషమ్మ నుదురు కొట్టుకుంది. "నీ మొండికి నిప్పువెట్ట! ఒక్క మాటనే!"

"అంటే బతికిందా?" అంది సత్తమ్మ. ఆమె ముఖమంతా విచ్చుకుంది. "ఓ ఐలవ్వా, బతికిందంటనే! గా పిల్ల బతికింది!"

ఐలమ్మ బోసినోటితో నవ్వి దండం పెట్టింది, ఎవరికో తెలియదు. మెట్ల మీద అందరూ ఒక్కసారిగా మాట్లాడసాగారు. ఎక్కడికి పోయింది, ఎట్ల కన్నది, మంత్రసాని ఎవరు, అత్తకు తెలిసిందా.

"నాకు బల్ల బందైంది," అంది దానమ్మ. ఎవరూ వినలేదు. "తొమ్మిది నెలలు!" అని గొంతు పెంచింది. "రేపు మీరందరు ముంగట మోకరిస్తరు, నేను ఎనక గోడకు ఆనుకొని కూసుంట. రత్నాంబ బతికిందని గంత సంబురపడుతున్నరు గని, నన్ను ఒక్కళ్లు అడుగరేందే?"

సత్తమ్మ సిగ్గుపడి ఆమె చేయి పట్టుకుంది. "అయ్యో వదినె, నీ బాధ మాకెర్క లేదా? మస్తు అన్యాయం. గా పెద్దలకు అక్కలు లేరా, చెల్లెండ్లు లేరా?" అని ఓదార్చింది. ఎలీషమ్మ తన మొగుణ్ణి రెండు మాటలు తిట్టింది. తక్కిన వాళ్లు ఉసూరుమన్నారు. కాసేపు నిజంగానే అందరూ దానమ్మ కోసమే బాధపడ్డారు.

అందరూ కలిసి మెట్లు దిగి వాడ వైపు నడిచారు. పది అడుగులు వేశారో లేదో, సత్తమ్మ ఆమె చేయి వదలకుండానే, అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగింది.

"వదినె, కోపం జేయకు గని. పుట్టింది మొగపిల్లగాడా, ఆడపిల్లనా?"